అత్తమ్మ వేసిన చల్లటి చుక్కలు

ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చి చూసుకుంటున్నాను. వస్తోంది. వస్తోందని తెలిసినా నమ్మకం చాలక మళ్ళీ చూసుకుంటున్నాను. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది, మా ఆయనా అదే అంటున్నారు. భయం మాత్రం ఇంకా మా గడప దాటలేదు. రాస్తే కాస్త కుదుటపడతానేమోనని కూర్చున్నాను. ఉబ్బసం ఉన్నవాళ్ళు, వాళ్ళకి మంచి చేద్దామనుకునేవాళ్ళు ఇది చదివితే మంచిది. రెండో రకం వాళ్ళు తప్పకుండా చదవాలి.

నా పేరు విజయ. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలోని ఒక ఊళ్ళో చిన్నపిల్లల బడిలో పంతులమ్మని. మా ఆయన ఆనందరావు కౌలుకి తీసుకుని మిర్చి వేస్తారు. ఇంట్లో మాతోపాటు మా అత్తమ్మ మరియమ్మ ఉంటుంది. ఉబ్బసం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. రెండు మందులు కలిపిన ఇన్‌హేలర్ వాడతాను. ఒకటి ఊపిరి గొట్టాలు తెరిచేది, ఇంకొకటి లోపలి వాపు తగ్గించేది. పొద్దునా సాయంత్రం దాన్ని పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి హాయిగానే ఉన్నాను. మిర్చి కోతలప్పుడు కాస్త ఎక్కువ దగ్గేదాన్ని, అంతే. మిర్చి పండించే ఊళ్ళో దగ్గనివాళ్ళెవరు?

జనవరి

క్రిస్మస్ సందడి అయ్యాక అత్తమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి అనేది తెలియకుండానే, అంచుల నుంచి చూపుని తినుకుంటూ వచ్చే జబ్బట. పోయిన చూపు ఎలాగూ రాదు, ఉన్నది పోకుండా రోజూ సాయంత్రం చుక్కలు వేసుకోవాలని చిన్న సీసా రాసిచ్చారు. చల్లగా ఉంచాలన్నారు. అత్తమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టే అరలో నిలబెట్టి, "నా కళ్ళు అక్కడున్నాయి, జాగ్రత్త" అని ఇంటిల్లిపాదికీ చెప్పింది.

అప్పటికే కల్లంలో కాయ ఎండుతోంది. బడి అయ్యాక నేనూ వెళ్ళి తాలు ఏరేదాన్ని. రంగు పోయి తెల్లబడిన కాయని మేం తాలంటాం. మంచి కాయలో అది కనపడిందంటే కొనేవాడి ముఖం మారిపోతుంది. ముక్కుకీ మూతికీ ఎంత గుడ్డ కట్టుకున్నా, ఏదో ధ్యాసలో చెయ్యి కంటికి తగలనే తగులుతుంది. ఆ మంట పడినవాళ్ళకే తెలుసు. ఇదివరకు అత్తమ్మ పాలలో దూది ముంచి కళ్ళమీద వేసేది.

ఆ సాయంత్రం మాత్రం ఫ్రిజ్ తెరిచింది.

"ఇటు రా అమ్మాయ్. డాక్టరిచ్చిన చుక్కలు ఇంట్లో పెట్టుకుని ఇంకా పాలెందుకు? తల వెనక్కి వాల్చు."

"అవి నీకిచ్చినవి కదా అత్తమ్మా."

"కళ్ళు కళ్ళే. నాకు మంచి చేసేది నీకు చెడు చేస్తదా?"

మా వైపు కంటి చుక్కలు ఫలానా వాళ్ళవని ఉండదు. కల్లంలో ఒకరి కొంగున ఉన్న సీసా అక్కడున్న అందరి కళ్ళలోకీ వెళ్తుంది. మాత్రయితే ఎందుకు, ఏమిటని అడుగుతాం, ఇంజెక్షనంటే భయపడతాం. కంట్లో చుక్క మాత్రం మాకు మందుకింద లెక్కే కాదు, చన్నీళ్ళలాంటిది. నేను తల వాల్చాను. మండే కంట్లో ఆ చల్లటి చుక్క పడితే ప్రాణం లేచొచ్చింది. మా ఆయనకీ వేసింది. ఆయన "అబ్బ, ఇంకోటి వెయ్యవే అమ్మా" అన్నారు. అప్పటి నుంచి అదే అలవాటైపోయింది. కల్లం నుంచి రావడం, కాళ్ళు కడుక్కోవడం, మంచమ్మీద కూర్చుని తల వాల్చడం.

కొద్దిరోజులకే ఒక సాయంత్రం ఇంట్లో ప్రార్థనలో పాట అందుకున్నాను. చరణం మధ్యలో గాలి అయిపోయింది. నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది. ఛాతీ చుట్టూ ఎవరో తాడు బిగిస్తున్నట్టనిపించింది. లోపలికెళ్ళి ఇన్‌హేలర్ పీల్చాను. ఎప్పుడూ కాసేపటికల్లా లోపల ఏదో సడలుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ సడలింపు తల్లి ఒడి. ఆ రోజు అది రాలేదు. ఇంకోసారి పీల్చాను. గోడకి ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని, రాని గాలికోసం నోరు తెరుచుకుని నిలబడ్డాను. అవతల అత్తమ్మ గొంతు పాట పూర్తి చేస్తోంది. భయమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదని అప్పుడర్థమైంది. నా దగ్గరున్న ఒక్క ఆయుధమూ పనిచేయడం లేదు.

అది ఎలాగో సర్దుకుంది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఒక తిండి మాన్పించి వెళ్ళారు. పెరుగు వద్దన్నారు, అరటిపండు వద్దన్నారు, జామకాయ పేరెత్తితే కొట్టేటట్టు చూశారు. ఒక పెద్దావిడ వంకాయ కూడా మాన్పించింది, ఎందుకో ఆవిడకే తెలియాలి. చివరికి నా కంచంలో చారూ అన్నమూ మిగిలాయి. అవి తిని, కడుపు నిండలేదన్న బాధకంటే ఊపిరి ఆడదేమోనన్న భయంతో లేచేదాన్ని. దోషి ఎవరంటే అందరి వేలూ మిర్చివైపే. కల్లానికి వెళ్ళడం మానేశాను. అయినా బడి నుంచి రాగానే అత్తమ్మ నా ముఖం చూసి, "కళ్ళు గుంటలు పడ్డాయే తల్లీ, ఎర్రగా ఉన్నాయి" అని ఫ్రిజ్ దగ్గరికెళ్ళేది. అంత ప్రేమగా వేస్తుంటే ఎవరు కాదంటారు?

ఫిబ్రవరి

గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆ వరండాలో కూర్చున్నవాళ్ళని చూస్తే మా జిల్లా పంటలన్నీ ఒకచోట చేరినట్టుంది. పత్తి మిల్లులో దూది పీల్చినవాళ్ళు, పొగాకు కాల్చే బారన్లలో పనిచేసినవాళ్ళు, మిర్చి యార్డులో బస్తాలు మోసినవాళ్ళు. ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మాట్లాడటానికి గాలి కావాలి కదా. నా పక్కన బురఖాలో ఉన్న ఒకావిడ నా పరిస్థితి చూసి, పేరు కూడా అడగకుండా నా వీపుమీద చెయ్యి వేసి, మెల్లగా రాస్తూ కూర్చుంది. తన పేరు పిలిచేదాకా ఆ చెయ్యి తీయలేదు. ఆవిడ ఎక్కడుందో గానీ చల్లగా ఉండాలి.

డాక్టరమ్మ వివరంగానే అడిగింది. "బీపీకి గానీ, గుండెకి గానీ ఏమైనా వాడుతున్నారా? తలనొప్పికి రోజూ మాత్రలేవైనా? ఒళ్ళునొప్పుల బిళ్ళలు? షుగర్ ఉందా?"

"ఏమీ లేవండి. ఇన్‌హేలర్ ఒక్కటే."

అబద్ధం చెప్పలేదు. నేను మింగేవన్నీ చెప్పాను, అంటే ఏమీ లేదని. ఇన్‌హేలర్ మోతాదు పెంచి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచారు. అక్కడ తేరుకున్నాను. కిటికీలోంచి దుమ్ము వస్తున్నా, కింద లారీలు పొగ వదులుతున్నా, నా ఊపిరి నా మాట విన్నది. నవ్వుతూ ఇంటికొచ్చాను.

"నిద్రల్లేక కళ్ళెట్టా అయిపోయినయ్యో చూడు" అంది అత్తమ్మ.

ఆ సాయంత్రమే మళ్ళీ మొదలైంది. కల్లానికి వెళ్ళలేదు, ఇంట్లో పోపు కూడా పెట్టలేదు, చారన్నమే తిన్నాను. అయినా వచ్చింది. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఇదే. మిర్చి వల్ల అయితే మిర్చికి దూరంగా ఉండొచ్చు. ఏ కారణమూ లేకుండా వచ్చేదాని నుంచి ఎక్కడికి పారిపోవాలి? నా ఊపిరితిత్తుల పని అయిపోయిందనుకున్నాను. బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తూ, వీళ్ళు పై తరగతికి వెళ్ళడం నేను చూడనేమో అనుకుని, నల్లబల్లవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

సత్తెనపల్లిలో ఉన్న మా తమ్ముడు రాజు వచ్చి, "కొన్నాళ్ళు మా దగ్గరుండక్కా, గాలి మారితే బాగుంటుంది" అని తీసుకెళ్ళాడు. వాడి ఇల్లు రోడ్డుపక్కనే. పత్తి బండి పోయినప్పుడల్లా దూది పింజలు గుమ్మంలోకి ఎగిరొస్తాయి. ఉబ్బసపు మనిషిని ఉంచకూడని చోటంటే అదే. అక్కడ నా ఊపిరి పిల్లకాలువలా హాయిగా పారింది. మేడమెట్లు ఎక్కాను. మరదలు పెట్టిన పెరుగన్నం రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

ఇక లోకం ఊరుకుంటుందా? పుట్టింట్లో బాగుండి అత్తింట్లో బాగుండకపోతే దానికి మందుల షాపులో దొరకని పేరు పెడతారు. "అత్తతో పడక ఉబ్బసం అంటోంది" అని మా చర్చిలో ఆడవాళ్ళు అనుకున్నారట. అది అత్తమ్మ చెవిన పడింది. మా ఆయన ఫోన్ చేశారు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "విజయా, ఒక్కమాట నిజం చెప్పు. నీకు ఇంటికి రావడం ఇష్టం లేదా?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. "ఊపిరాడక నీలంగా మారిన మనిషిని మీరే ఎత్తుకుని ఆటో ఎక్కించారు. అది నాటకమా?" అని ఫోన్ పెట్టేశాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఎందుకంటే నాలోనూ ఒక మూల అదే అనుమానం లేచింది. నిజంగానే నా మనసే ఆ ఇంటిని ఒప్పుకోవడం లేదా? ఇన్నేళ్ళు కలిసి బతికిన ఆ ముసలామెని నా ఒళ్ళే వద్దంటోందా?

శ్రమదినాలు

మార్చిలో, ఈస్టరుకి ముందు చర్చిలో శ్రమదినాల ప్రార్థనలు జరుగుతున్న రోజుల్లో, అత్తమ్మ స్వయంగా బస్సెక్కి సత్తెనపల్లి వచ్చింది. కూర్చోకముందే నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"బాగున్నావే తల్లీ."

"బాగున్నాను అత్తమ్మా."

"నేనేమన్నా అంటే చెప్పు. కాళ్ళు పట్టుకుంటాను. లోకం అనేదానికి కాదు, నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాకు తోచట్లేదు."

ఇంకేం మాట్లాడను? మర్నాడే ఆమెతో బయల్దేరాను. బస్సు కిటికీ దగ్గర కూర్చున్నాను, దుమ్ముకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. నేను వచ్చానన్న సంబరంలో నేను సంచి కూడా దించకముందే అత్తమ్మ ఫ్రిజ్ తెరిచింది.

పొద్దు వాలకముందే నేను మంచమ్మీద కూర్చుని, పట్టె గట్టిగా పట్టుకుని, గాలికోసం కొట్టుకుంటున్నాను. ఈసారి ముందెన్నడూ రానంత గట్టిగా వచ్చింది. పక్కింటి కారు అడిగి మా ఆయన నడిపారు. వెనక సీట్లో అత్తమ్మ నన్ను ఒళ్ళో ఆనించుకుని, "ప్రభువా, నన్ను తీసుకో, దీన్ని వదిలెయ్" అని గట్టిగా ప్రార్థిస్తోంది. చిలకలూరిపేట దగ్గర పత్తి లారీల వెనక ఆగిపోయాం. హారన్లు, ఎండ, బేళ్ళ మీంచి రాలే దూది. ఇన్‌హేలర్ పీల్చాను. ఇంతకుముందు ఎక్కువసార్లు పీలిస్తే చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. ఆ వణుకు నాకు నచ్చేది కాదు. ఆ రోజు చేతులవైపు చూసుకున్నాను. వణకడం లేదు. మందు లోపలికి పోయినట్టే లేదు, ఒట్టి గాలి పీల్చినట్టుంది. నేను చచ్చిపోతున్నానని అప్పుడు నిశ్చయంగా అనుకున్నాను. మా ఆయన అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. "రోడ్డు చూడండి" అనాలనుకున్నాను. రెండు మాటలకి సరిపడా గాలి నా దగ్గర లేదు.

ఆసుపత్రిలో ముఖానికి మాస్కు పెట్టారు, వేరే ఏదో మందు పట్టించారు, సూదులు వేశారు. తెల్లారేసరికి మనిషినయ్యాను. డాక్టరమ్మ గదిలోకి వచ్చేసరికి అత్తమ్మ తన వైరుసంచిలోంచి చిన్న ఫ్లాస్కు తీసి, దాంట్లో ఐసుముక్కల మధ్య పెట్టుకొచ్చిన సీసా మూత విప్పి, ఒక చేత్తో నా గడ్డం ఎత్తిపట్టుకుని ఉంది. ఇన్ని కష్టాల్లోనూ ఆ సీసా చల్లగా ఉండాలని మర్చిపోలేదు ఆమె.

"ఆగండి! ఏమిటది?"

అత్తమ్మ ఉలిక్కిపడింది. "కంటి చుక్కలేనండీ. పిల్ల కళ్ళు మండుతున్నయ్యని రోజూ నేనే వేస్తన్నా. డాక్టరుగారు రాసినవే, మంచివే."

డాక్టరమ్మ సీసా తీసుకుని చదివింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇది ఎప్పుడెప్పుడు వేశారో చెప్పండి" అని అడిగింది. చెప్తూ పోతుంటే లెక్క నాకే అర్థమైంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు లేదు. సత్తెనపల్లిలో లేదు. ఆయాసం వచ్చిన ప్రతిసారీ చుక్కలు వేసిన సాయంత్రమే.

"మీ ఇన్‌హేలర్‌లో ఒక మందు ఊపిరి గొట్టాల తలుపు తెరుస్తుందమ్మా. ఈ చుక్కల్లో మందు అదే తలుపుకి లోపల్నుంచి గడియ పెడుతుంది. కంట్లో వేసింది కంట్లోనే ఉండిపోదు. ముక్కులోకి, గొంతులోకి దిగి, రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి దీన్ని వేయకూడదు."

"నాకూ వేసిందండీ, నాకేం కాలేదే" అన్నారు మా ఆయన.

"మీకు ఉబ్బసం లేదు కదా. ఈ జాతి మందులు మాత్రల్లోనూ ఉంటాయి. బీపీకి, గుండెదడకి, కొందరికి తలనొప్పికి కూడా ఇస్తారు. అందుకే అవన్నీ అడిగాను. ఇకమీదట నోట్లోకి, కంట్లోకి, ఒంటిమీదికి ఏది వెళ్ళినా ముందు నాకు చెప్పండి. ఈ ఇన్‌హేలర్ వల్ల నోట్లో తెల్లపూత వస్తే కూడా షాపులో అడిగి ఫంగస్ మాత్రలు వేసుకోకండి. వాటిలో కొన్నిటికి ఇన్‌హేలర్‌లోని రెండో మందుతో పడదు, ఒంట్లో పేరుకుపోతుంది." ఆమె అత్తమ్మవైపు తిరిగింది. "మీరు మాత్రం మీ చుక్కలు మానకూడదమ్మా. అవి మీకు కావాలి. ఈమెకే వద్దు."

ఆ చివరి మాట అత్తమ్మ విన్నట్టు లేదు. సీసా మూత బిగించి, దాన్ని ఒంటికి తగలనంత దూరంగా పట్టుకుని, గోడవారగా కిందకి జారి కూర్చుంది.

"నా చేత్తోనే," అంది. "నా చేత్తోనే వేశాను తల్లీ."

నేను వెంటనే ఓదార్చలేదు. నిజం చెప్పాలి కదా. పోగొట్టుకున్న ఊపిరంతా, పడ్డ మాటలన్నీ, వదులుకున్న పెరుగన్నాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒక్క క్షణం ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ తర్వాత ఐసుముక్కల ఫ్లాస్కు కనపడింది. కోపం ఎటుపోయిందో తెలియదు, ఏడుపొచ్చింది. మంచం దిగి ఆమె పక్కన కూర్చున్నాను. మా ఆయన నా దగ్గరికొచ్చి, ఆ ఫోన్ మాట గురించి ఏదో అనబోయి, మా ఇద్దరికీ టీ తెస్తానని వెళ్ళిపోయారు.

ఇప్పుడు

ఇంటికొచ్చాక నా ఊపిరి మెల్లమెల్లగా నాకు దొరికింది. కళ్ళు మండితే చన్నీళ్ళే. పాట చరణం దాటుతోంది. నాకిక భయమక్కర్లేదని అందరూ అన్నారు. కానీ ఆ భయం మా ఇంట్లోంచి పోలేదు, నన్ను వదిలి అత్తమ్మని పట్టుకుంది.

ఒకరోజు గుడ్లకోసం ఫ్రిజ్ తెరిచాను. అరలో సీసా లేదు. అడిగితే "వేసుకుంటున్నాలే" అంది. ఆమె ముఖం చూస్తే నమ్మబుద్ధి కాలేదు. వెతికితే పెరట్లో, స్నానాలగది వెనక, పాత తట్ట కింద దొరికింది. ఎండకి వెచ్చగా ఉంది.

"ఇదేంటి అత్తమ్మా?"

"అది ఇంట్లో ఉండకూడదు. దాని గాలి నీకు తగిల్తే?"

"గాలికేం కాదని డాక్టరమ్మ చెప్పింది కదా. నువ్వు మానేస్తే చూపు పోతుంది."

"పోతే పోనియ్యవే. నీ ఊపిరికంటే నా కళ్ళెక్కువా?"

అప్పుడు మళ్ళీ భయమేసింది. ఛాతీ బిగుసుకున్నప్పటి భయంకంటే ఇది తక్కువేం కాదు. నాకు నొప్పి తెలిసింది కాబట్టి అరిచాను, పరిగెత్తాం. ఈమెకి ఏ నొప్పీ లేకుండా, ఎవరికీ తెలియకుండా చీకటి ముంచుకొస్తుంది. నాకోసం. అరిచాను, బతిమాలాను, అన్నం మానేస్తానని బెదిరించాను. చివరికి మా ఆయన చేత కొత్త సీసా తెప్పించి గుడ్ల అరలో పెట్టాను. "నువ్వు వేసుకోకపోతే నేను వేస్తాను, తల వాల్చు" అన్నాను. నా చేతికి ఆ సీసా ఇవ్వనని పెనుగులాడింది. నాకు ఆమెకంటే బలం ఎక్కువ, ఇప్పుడు ఊపిరి కూడా ఉంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ప్రార్థనయ్యాక ఆమె మంచమ్మీద కూర్చుని తల వెనక్కి వాలుస్తుంది. నేను ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసి, డాక్టర్లు చెప్పినట్టు, మందు గొంతులోకి దిగకుండా కళ్ళ మూలలు వేళ్ళతో నొక్కి పట్టుకుంటాను. తర్వాత చేతులు కడుక్కుంటాను. నా వేళ్ళు కళ్ళమీద ఉన్నంతసేపూ ఆమె కళ్ళు తెరవకూడదు. నన్ను చూడలేదు కదా, అందుకని మాట్లాడకుండా, తల కాస్త పక్కకి వంచి చెవి నావైపు పెడుతుంది. ఎందుకో నాకు మొదటిరోజే అర్థమైంది. ఆమె ముఖం మీదికి వంగి, ఆమెకి వినపడేలా, గట్టిగా, నిండుగా ఊపిరి పీల్చి వదులుతాను.